పిల్లల లావు పిల్లల తప్పు కాదు

2025 సెప్టెంబరులో యూనిసెఫ్ విడుదల చేసిన నివేదికలో ఒక లెక్క చదివిన దగ్గర్నుంచీ ఇది రాయాలని అనుకుంటున్నాను. ప్రపంచం మొత్తం మీద 5 నుంచి 19 ఏళ్ల వయసు పిల్లల్ని తీసుకుంటే, తక్కువ బరువుతో ఉన్నవాళ్ల కంటే ఊబకాయంతో ఉన్నవాళ్లు ఎక్కువయ్యారు. ఇలా జరగడం ఇదే మొదటిసారి. తక్కువ బరువు ఉన్నవాళ్లు 9.2 శాతం, ఊబకాయం ఉన్నవాళ్లు 9.4 శాతం. 2000లో ఇవే లెక్కలు దాదాపు 13 శాతం, 3 శాతం. అంటే ఇప్పుడు ప్రతి పదిమందిలో దాదాపు ఒకరు, మొత్తం 18 కోట్ల 80 లక్షల మంది పిల్లలు, ఆరోగ్యానికి ముప్పు తెచ్చేంత బరువుతో ఉన్నారు.

ఆకలి పోయి దాని చోటులో ఇది వచ్చిందని అనుకోవద్దు. దక్షిణాసియాలోను, సహారాకు దిగువనున్న ఆఫ్రికాలోను ఇప్పటికీ తక్కువ బరువు పిల్లలే ఎక్కువ. ఒకే దేశంలో, ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఎదుగుదల ఆగిపోయిన చిన్నపిల్లా, అధిక బరువున్న అన్నా ఇద్దరూ కనిపిస్తున్నారు. కడుపు నింపే తిండి చవగ్గా దొరుకుతోంది, ఒంటికి పట్టే తిండి దొరకడం లేదు. ఈ రెండు సమస్యల్నీ వేరువేరుగా చూడటం వల్ల మనకి చాలా నష్టం జరిగింది.

ఇలాంటి లెక్కలు బయటికి వచ్చినప్పుడల్లా జనం అనే మాటలు మాత్రం మారవు. ఈ కాలం పిల్లలకు ఒళ్లు వంగదు, ఫోన్ వదలరు, నోరు కట్టుకోలేరు, తల్లిదండ్రులు గారాబం చేసి పాడు చేస్తున్నారు. నేను ఈ మాటలు ఒప్పుకోను. 1975లో ఊబకాయం ఉన్న 5-19 ఏళ్ల పిల్లలు ప్రపంచమంతా కలిపి కోటీ 10 లక్షల మంది. 2016 నాటికి 12 కోట్ల 40 లక్షల మంది. జనాభా పెరిగిన మాట నిజమే కానీ పది రెట్లు పెరగలేదు కదా. నలభై ఏళ్లలో మనిషి జన్యువులు మారిపోవు. మరి భాష, వాతావరణం, పెంపకం, బడి ఏవీ కలవని దేశాల్లో పిల్లలందరూ కూడబలుక్కున్నట్టు ఒకే కాలంలో బద్ధకస్తులైపోయారా? తల్లిదండ్రులందరికీ ఒకేసారి బాధ్యత పోయిందా? ఊబకాయం ఉన్న పిల్లలు చిలీలో 27 శాతం, అమెరికాలో 21, యూఏఈలో 21. ఎక్కడి చిలీ, ఎక్కడి యూఏఈ! పిల్లల మనసులు ఇన్ని చోట్ల ఒకే తీరుగా మారవు. అన్ని చోట్లా ఒకే తీరుగా మారింది వాళ్ల చుట్టూ పేర్చిన సరుకు.

అన్నిటికంటే పెద్ద లెక్కలు పసిఫిక్ దీవులవి. నియూలో 38 శాతం, కుక్ దీవుల్లో 37, నౌరులో 33. నౌరు మొత్తం కలిపి 21 చదరపు కిలోమీటర్లు. అక్కడ ఫాస్ఫేట్ కోసం దశాబ్దాల పాటు తవ్వి తవ్వి దీవి నడిమి భాగాన్ని పంటకు పనికిరాకుండా చేశారు. చేపలు, కొబ్బరి, అక్కడ పండేవి తిని బతికిన జనం ఓడల్లో వచ్చే డబ్బా మాంసం, తెల్ల బియ్యం, మైదా, చక్కెర, కూల్‌డ్రింకుల మీద బతకాల్సి వచ్చింది. అలాంటి చోట పుట్టిన పిల్లను పట్టుకుని నోరు అదుపులో పెట్టుకో అనడం అన్యాయం. నేల పోయింది, తిండి ఓడలో వస్తోంది, ఆ ఓడలో ఏం ఎక్కించాలో ఆ పిల్ల నిర్ణయించలేదు.

ఈ ప్యాకెట్ తిండి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు కథ ఇక్కడే ఉంది. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త 2019లో ఒక పరిశోధన ఫలితాలు ప్రచురించాడు. 20 మంది పెద్దవాళ్లను ఆస్పత్రిలోనే ఉంచి, రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ తిండి (అంటే ఫ్యాక్టరీలో తయారై ప్యాకెట్లో వచ్చే తిండి), ఇంకో రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టారు. ముందు పెట్టిన పళ్లెంలో కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండింటిలోనూ సమానంగా ఉండేలా చూశారు. ఎంత కావాలంటే అంత తినొచ్చు, వద్దంటే వదిలేయొచ్చు. ప్యాకెట్ తిండి తిన్న రోజుల్లో వాళ్లు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో దాదాపు కిలో బరువు పెరిగారు. వండిన తిండి తిన్న రోజుల్లో ఆ మేరకు తగ్గారు. మనుషులు వాళ్లే, పట్టుదల అదే, మారింది పళ్లెంలో ఉన్నది ఒక్కటే. ఆ తిండి మెత్తగా ఉంటుంది, పెద్దగా నమలక్కర్లేదు, చాలన్న కబురు పొట్ట నుంచి మెదడుకు చేరేలోపే లోపలికి వెళ్లిపోతుంది. ఎదిగిన మనుషులకే ఇది తెలియలేదు, ఏడేళ్ల పిల్లవాడికి ఎలా తెలుస్తుంది?

ఇక తాగే చక్కెర సంగతి. 330 మిల్లీలీటర్ల కోలా క్యాన్‌లో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఎనిమిది తొమ్మిది చెంచాలు. రోజుకు తీసుకునే మొత్తం శక్తిలో ఇలాంటి చక్కెర వాటా 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. చిన్నపిల్లలకైతే ఆ ఒక్క క్యాన్‌తోనే 5 శాతం దాటిపోతుంది, ఇంచుమించు 10 శాతం దగ్గరికి కూడా చేరుతుంది. పైగా ద్రవరూపంలో వెళ్లిన కేలరీలకు కడుపు నిండినట్టు ఉండదు, ఆ తర్వాత భోజనం ఏమీ తగ్గదు. పళ్ల రసం కూడా ఇదే లెక్కలోకి వస్తుందని చాలామందికి తెలియదు. పండు పండులా తింటే పీచు ఉంటుంది, నమలాలి, ఒకటి రెండు తినేసరికి చాలనిపిస్తుంది. రసం తీస్తే నాలుగు పళ్ల చక్కెర రెండు నిమిషాల్లో గ్లాసులోంచి కడుపులోకి పోతుంది.

ఆకలి గురించి కూడా మనకు సరిగ్గా తెలియదు. ఆకలి అనేది మనసు బలహీనత కాదు, ఒంట్లో నడిచే ఒక సంకేతం. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోన్‌ను కనిపెట్టింది. కొవ్వు కణాలు దీన్ని విడుదల చేసి, నిల్వలు చాలినంత ఉన్నాయని మెదడుకు చెబుతాయి. 1997లో కేంబ్రిడ్జి పరిశోధకులు ఒకే కుటుంబానికి చెందిన ఇద్దరు పిల్లల గురించి రాశారు. ఎనిమిదేళ్ల పాప 86 కిలోలు, రెండేళ్ల బాబు 29 కిలోలు. పుట్టినప్పుడు మామూలుగానే ఉన్నారు, కానీ ఎంత తిన్నా ఆకలి తీరేది కాదు. వాళ్ల ఒంట్లో లెప్టిన్ తయారే కావడం లేదని తేలింది. తర్వాత ఆ హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చేసరికి ఆకలి మామూలైంది, బరువు తగ్గింది. ఇలాంటి జన్యులోపం చాలా అరుదు, లావుగా ఉన్న పిల్లలందరికీ ఇదే ఉందని నేను అనడం లేదు. కానీ ఎదురుగా కూర్చుని అన్నం కోసం ఏడ్చే పిల్లను తిండిబోతు అనడం ఎంత పొరపాటో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? మామూలు పిల్లల్లో కూడా ఆకలి ఎంత వేయాలి, ఎప్పుడు ఆగాలి అన్నదాన్ని చాలా జన్యువులు కొద్దికొద్దిగా నడిపిస్తాయి. తిండి తక్కువగా దొరికిన కాలంలో ఆ తేడాలు బయటపడేవి కావు. ఇప్పుడు ఎటు చూసినా తినుబండారాలే కాబట్టి, ఆకలి కాస్త ఎక్కువ వేసే పిల్లలు ముందుగా దొరికిపోతున్నారు.

బరువు కథ చాలా ముందే మొదలవుతుంది, కడుపులో ఉన్నప్పటి నుంచే. బ్రిటన్‌లో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో చక్కెరకు రేషన్ పెట్టారు, అది 1953 సెప్టెంబరులో ఎత్తేశారు. ఎత్తేయగానే చక్కెర వాడకం దాదాపు రెట్టింపైంది. ఆ తేదీకి కొంచెం ముందు పుట్టినవాళ్లనూ తర్వాత పుట్టినవాళ్లనూ పోల్చి చూసిన పరిశోధన ఒకటి 2024లో వచ్చింది. తల్లి కడుపులోనూ మొదటి రెండేళ్లలోనూ రేషన్ చక్కెరతో పెరిగినవాళ్లకు పెద్దయ్యాక టైప్ 2 డయాబెటిస్ వచ్చే ముప్పు దాదాపు 35 శాతం, బీపీ ముప్పు దాదాపు 20 శాతం తక్కువగా ఉందని తేలింది. యాభై అరవై ఏళ్ల తర్వాత కూడా కనిపించిన తేడా ఇది! మరి ఇవాళ ఏడాది నిండని పిల్లల కోసమని అమ్మే ఆహారాల్లో ఎన్నింటిలో చక్కెర కలుపుతున్నారో, ఒక్కసారి డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివి చూడండి. రెండేళ్ల లోపు పిల్లలకు చక్కెర కలిపిన పానీయాలు అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

ఇక్కడే ఇంకో సంగతి. మొదటి పుట్టినరోజు దాటాక పిల్లల ఎదుగుదల నెమ్మదిస్తుంది, దాంతో ఆకలీ తగ్గుతుంది. అప్పటిదాకా బొద్దుగా ఉన్నవాళ్లు అయిదారేళ్లు వచ్చేసరికి సహజంగానే సన్నబడతారు, ఆ తర్వాత మళ్లీ నెమ్మదిగా ఒళ్లు చేస్తారు. ఇది శరీరం నడిచే పద్ధతి. కానీ పెద్దవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది, బిడ్డ చిక్కిపోతోందని ముద్ద ముద్దకూ వెంటపడతారు, ఫోన్ చూపిస్తూ నోట్లో కుక్కుతారు. వద్దు, చాలు అని ఆ బిడ్డ ఒళ్లు చెబుతున్న మాటను మనమే నొక్కేస్తున్నాం. అధిక బరువున్న పిల్లల తల్లిదండ్రుల్లో దాదాపు సగం మంది తమ బిడ్డ బరువు మామూలుగానే ఉందని అనుకుంటారని పరిశోధనలు చెబుతున్నాయి. బొద్దుగా ఉంటేనే ఆరోగ్యం అనే నమ్మకం అంత బలంగా ఉంది. అందుకే కళ్లతో అంచనా వేయడం కంటే, వయసుకు, ఎత్తుకు, ఆడా మగా తేడాకు తగ్గట్టు గీసిన గ్రోత్ చార్టులో చూడటం మంచిది. ఎత్తును బట్టి బరువు ఎంత ఉండాలో చూసే పెద్దవాళ్ల బీఎంఐ లెక్క పిల్లలకు నేరుగా పనికిరాదు.

ఆటల గురించి రెండే మాటలు చెబుతాను. 11 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 81 శాతం మంది రోజుకు గంటసేపైనా ఒళ్లు కదిలించడం లేదని 2016 నాటి లెక్క. ఆట వల్ల గుండె, ఎముకలు, మనసు, నిద్ర అన్నీ బాగుపడతాయి, ప్రతి పిల్లకూ అది హక్కుగా దక్కాలి. కానీ తిండిని అలాగే వదిలేసి ఆటతోనే బరువు తగ్గించాలంటే అయ్యే పని కాదు, ఒక సీసా కూల్‌డ్రింకులో తాగిన శక్తిని ఖర్చు చేయడానికి చాలాసేపు పరుగెత్తాలి. కూల్‌డ్రింకు కంపెనీలు ఆటల పోటీలకు డబ్బు పోసి మరీ వ్యాయామం గురించి ఎందుకు మాట్లాడతాయో ఆలోచించండి. నిద్ర కూడా చిన్న విషయం కాదు. నిద్ర చాలని పిల్లలకు ఆకలి ఎక్కువ వేస్తుంది, అందులోనూ తీపి మీదికే మనసు పోతుంది.

ఇక నష్టాల సంగతి. టైప్ 2 డయాబెటిస్ ఒకప్పుడు పెద్దవాళ్ల జబ్బు, ఇప్పుడు పదేళ్లు దాటిన పిల్లల్లో చూస్తున్నారు, పైగా పెద్దవాళ్లలో కంటే పిల్లల్లో వేగంగా ముదురుతుంది. మద్యం ముట్టని వయసులో కాలేయానికి కొవ్వు పట్టడం, బీపీ, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, ఆడపిల్లలు త్వరగా పెద్దమనుషులు కావడం, ఇవన్నీ ఉన్నాయి. ఊబకాయంతో టీనేజీ గడిపిన వాళ్లలో దాదాపు 80 శాతం మంది పెద్దయ్యాక కూడా అలాగే ఉండిపోతున్నారు.

కానీ పిల్లల్ని అడిగితే కాలేయం గురించి చెప్పరు. బళ్లో పెట్టిన పేర్ల గురించి చెబుతారు. ఏ జట్టులోకీ తీసుకోని సంగతి చెబుతారు, ఫొటోలో వెనక నిలబడమన్న సంగతి, నలుగురిలో వాళ్ల పళ్లెం చూసి ఇంకా ఎంత తింటావురా అని నవ్విన సొంత మనుషుల సంగతి చెబుతారు. బరువు పేరుతో ఏడిపిస్తే పిల్లలు సన్నబడతారని ఏ పరిశోధనా చెప్పలేదు. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం, అలా మాటలు పడ్డ పిల్లలు కాలం గడిచేకొద్దీ ఇంకా బరువు పెరుగుతున్నారు, దాచుకుని తింటున్నారు, ఆటలకు వెళ్లడం మానేస్తున్నారు, కొందరు పూర్తిగా తిండి మానేసి ఇంకో జబ్బులో పడుతున్నారు. ఇంట్లో అన్న మాట బళ్లో అన్నదానికంటే లోతుగా దిగుతుంది. వాడి మంచికే అంటున్నాం అంటారు పెద్దవాళ్లు. ఆ మాట వల్ల వాడికి ఏ మంచీ జరగడం లేదు, దయచేసి ఆపేయండి.

తిట్టాల్సింది ఎవర్ని అంటే, పిల్లల కార్యక్రమాల మధ్య, వాళ్లు ఆడే గేముల మధ్య, వాళ్లకు ఇష్టమైన బొమ్మల ముఖాలు పెట్టి ఈ సరుకు అమ్ముతున్నవాళ్లను. పిల్లలకు ప్రకటన ఏదో, మామూలు కథ ఏదో చాలా ఏళ్లు వచ్చేదాకా తేడా తెలియదు. అందుకే కెనడాలోని క్విబెక్ రాష్ట్రం 13 ఏళ్ల లోపు పిల్లల్ని గురిపెట్టే వ్యాపార ప్రకటనల్ని 1980 నుంచే నిషేధించింది. చిలీ 2016లో ఇంకా గట్టిగా కదిలింది. చక్కెర, ఉప్పు, కొవ్వు, కేలరీలు హద్దు దాటిన ప్యాకెట్ మీద నల్లటి ఎనిమిది కోణాల ముద్ర పెట్టాలి, అలాంటి సరుకు మీద కార్టూన్ బొమ్మలు ఉండకూడదు, బడుల్లో అమ్మకూడదు. కెలాగ్స్ కంపెనీ తన పేరుమోసిన పులి బొమ్మను అక్కడి డబ్బాల మీంచి తీసేయాల్సి వచ్చింది. చట్టం వచ్చిన మొదటి దశలోనే, ముద్ర పడ్డ తీపి పానీయాల కొనుగోళ్లు దాదాపు 24 శాతం తగ్గాయి. అక్కడి పిల్లల్లో ఊబకాయం ఇప్పటికీ ఎక్కువే, అంతకుముందు దశాబ్దాల్లో పేరుకున్నది ఒక చట్టంతో మాయం కాదు. అయినా దారి అదే.

నాకు బాగా నచ్చింది మాత్రం బ్రిటన్ చేసిన పని. 2016లో ప్రకటించి 2018 ఏప్రిల్ నుంచి కూల్‌డ్రింకుల మీద పన్ను వేశారు, అదీ చక్కెర ఎంత ఉందో దాన్నిబట్టి. 100 మిల్లీలీటర్లకు 5 గ్రాములకు చేరితే ఒక పన్ను, 8 గ్రాములకు చేరితే ఇంకా ఎక్కువ. తయారీదార్లకు రెండేళ్ల సమయం ఇచ్చారు. ఏం జరిగిందంటే, జనం మారకముందే కంపెనీలు మారాయి. పన్ను పరిధిలోకి వచ్చే పానీయాల్లో 5 గ్రాములు దాటినవి 2015లో దాదాపు సగం ఉంటే, 2019 ఫిబ్రవరికి 15 శాతానికి పడిపోయాయి. చక్కెర తగ్గించడం కుదరదని, రుచి పోతుందని అంతకాలం చెప్పినవాళ్లే తగ్గించి చూపించారు. ఆ తర్వాత 10-11 ఏళ్ల ఆడపిల్లల్లో ఊబకాయం, పన్ను లేకపోతే ఉండాల్సిన దానికంటే 8 శాతం తక్కువగా ఉందని పరిశోధకులు లెక్క తేల్చారు. మగపిల్లల్లో అంత తేడా కనిపించలేదు, అదీ చెప్పాలి. కానీ ఒక్క పిల్లకూ నోరు కట్టుకోమని చెప్పకుండా, ఒక్క తల్లినీ తప్పుపట్టకుండా ఇంత మార్పు వచ్చింది. మెక్సికో 2014లోనే లీటరుకు ఒక పెసో పన్ను వేసింది, 2025 మార్చి నుంచి బడుల్లో జంక్ ఫుడ్ అమ్మకం ఆపేసింది.

చట్టాలు వచ్చేదాకా ఇంట్లో చేతులు కట్టుకుని కూర్చోవాలా అంటే అక్కర్లేదు. కానీ ఆ ఒక్క పిల్లను డైటింగ్‌లో పెట్టి, మిగతావాళ్లంతా ఆమె ముందు చిప్స్ తింటూ కూర్చుంటే అది చికిత్స అనిపించుకోదు. మారితే ఇల్లంతా మారాలి. లావుగా ఉన్నవాళ్లకూ సన్నగా ఉన్నవాళ్లకూ ఒకే తిండి, తాగడానికి నీళ్లు, వీలైనన్ని పూటలు స్క్రీన్ ఆపేసి కలిసి భోజనం. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దవాళ్లు చూసుకోవాలి, ఎంత తినాలన్నది పిల్లకే వదిలేయాలి. మార్కులు వస్తే చాక్లెట్, అల్లరి చేస్తే అన్నం బంద్ లాంటివి మానేయాలి, తిండి బహుమతీ కాదు, శిక్షా కాదు. చిన్న వయసు పిల్లల్లో చాలామందికి బరువు తగ్గాల్సిన పని కూడా ఉండదు, ఉన్న బరువు నిలకడగా ఉంచితే ఎత్తు పెరిగే కొద్దీ సర్దుకుంటుంది. ఇది వినగానే చాలామంది తల్లిదండ్రుల ముఖాల్లో భయం తగ్గడం చూశాను. చెడ్డపేరు తెచ్చుకున్న పదార్థాలన్నీ పూర్తిగా నిషేధించడం కూడా పనిచేయదు, అసలు ముట్టుకోనివ్వనిది బయట దొరికినప్పుడు పిల్లలు ఇంకా ఎక్కువ తింటారు. ఇంట్లోకి తేకపోవడం, ఎప్పుడో ఒకప్పుడు బయట అందరూ కలిసి తినడం, ఈ రెండూ కలిపితే చాలావరకు గొడవ ఉండదు.

ఇదంతా చేయడానికి సమయం, డబ్బు, వంట చేసే చోటు ఉండాలి, రెండు ఉద్యోగాలు చేసుకుని రాత్రికి ఇల్లు చేరే తల్లికి ఇవి దొరకవు. ధనిక దేశాల్లో ఊబకాయం పేదపిల్లల్లోనే ఎక్కువగా ఉండటానికి ఇదీ ఒక కారణం. అందుకే మళ్లీ మళ్లీ పన్నులు, ముద్రలు, బడిభోజనం అంటున్నాను.

మందులు కూడా వచ్చాయి. ఆకలిని తగ్గించే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్‌ను 12 ఏళ్లు దాటిన ఊబకాయం పిల్లలకు వాడటానికి అమెరికా 2022 డిసెంబరులో అనుమతించింది. కొందరు పిల్లలకు అది నిజంగా అవసరం, తీసుకుంటున్నవాళ్లను తక్కువగా చూడటం తప్పు. ఆస్తమాకు మందు వాడితే తప్పుపట్టం కదా. కానీ ఏళ్ల తరబడి వాడితే ఎదిగే ఒంటిలో ఏం జరుగుతుందో తెలియాలంటే ఇంకా సమయం పడుతుంది, కాబట్టి పిల్లల వైద్యుల చేతుల్లోనే ఉండాలి, ఆన్‌లైన్‌లో చూసి కొనుక్కునే వస్తువు కాదు.

చివరిగా, ఎవరింట్లోనైనా బరువు ఎక్కువున్న పిల్లలు ఉంటే కొన్ని గుర్తులు గమనించండి. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, దళసరిగా మారితే అది మురికి కాదు, రుద్దితే పోదు, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదనడానికి గుర్తు కావచ్చు. రోజూ రాత్రి గట్టిగా గురకపెట్టి పగలు క్లాసులో నిద్రపోతుంటే దాన్ని బద్ధకం అనకుండా డాక్టరుకు చూపించండి. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం కనిపిస్తే వెంటనే షుగర్ పరీక్ష చేయించండి. ఇంకొకటి చాలామంది వదిలేస్తారు: తుంటి, తొడ లేదా మోకాలు నొప్పి అంటూ కుంటుతుంటే, లావు వల్ల నొప్పిలే అని ఊరుకోవద్దు, తుంటి ఎముక కీలు దగ్గర జారుతుండొచ్చు, ఆ రోజే నడిపించకుండా తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాలి.